ఒక చిత్తరువు – రెండు కుటుంబాలు: 1816 నాటి మెకంజీ చిత్రం, కావలి సోదరులు

వ్యాససంగ్రహం

1816లో మద్రాసులో థామస్ హిక్కీ గీసిన కల్నల్ కాలిన్ మెకంజీ తైలవర్ణ చిత్రం దక్షిణ భారత చరిత్ర రచనలో చాలా ప్రసిద్ధమైనది. ఆ చిత్రంలో మెకంజీతోపాటు ముగ్గురు భారతీయులు ఉన్నారు. వారిలో ఒకరిని ఏలూరుకు చెందిన కావలి వెంకట లక్ష్మయ్యగా భావిస్తున్నారు. ఒక చిత్తరువును అర్థం చేసుకోవడానికి అందులోని వ్యక్తుల కుటుంబ నేపథ్యం ఎంతవరకు ఉపకరిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మెకంజీ కుటుంబం, కావలి కుటుంబం రెండూ ఆశ్రయం, ఉద్యోగం, రాతపని అనే ఆధారాల మీదనే ఎదిగాయని, చిత్రం మాత్రం ఒక కుటుంబానికి వ్యక్తిత్వాన్నీ మరొక కుటుంబానికి సహాయకత్వాన్నీ ఇచ్చిందని ప్రతిపాదిస్తుంది. కావలి వెంకట రామస్వామి 1829లో ప్రచురించిన దక్కను కవుల జీవితాల గ్రంథాన్ని ఈ చిత్రానికి జతగా చదవవలసిన అవసరాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: చిత్తరువు, మెకంజీ, కావలి సోదరులు, కైఫీయత్తులు, నియోగులు, కవి జీవితాలు.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య, స్థానిక చరిత్ర పరిశోధకులకు మెకంజీ పేరు కొత్త కాదు. గ్రామ చరిత్ర, దేవాలయ చరిత్ర, సంస్థాన చరిత్ర, కవి కాల నిర్ణయం – వీటిలో ఏ అంశం మీద సిద్ధాంత గ్రంథం రాసినా ఎక్కడో ఒకచోట 'మెకంజీ కైఫీయత్తులు' అనే ఆకరాన్ని పేర్కొనక తప్పదు. ఆ పేరు మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆ కైఫీయత్తులను ఎవరు రాశారు, ఎవరు రాయించారు, ఎవరు చదివి సంగ్రహించారు అనే ప్రశ్న సాధారణంగా మన మనసుకు రాదు. ఈ ప్రశ్నను పాఠ్య ప్రతుల ద్వారా ఇప్పటికే కొందరు పరిశోధకులు వేశారు. ఇదే ప్రశ్నను ఒక చిత్రం ద్వారా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

చిత్తరువు సాధారణంగా ఒక వ్యక్తి రూపాన్ని భద్రపరుస్తుంది. అయితే ఆ వ్యక్తి చిత్రకారుని ముందు నిలబడే స్థితికి రావడం వెనుక ఒక కుటుంబం, ఆ కుటుంబానికి దొరికిన ఆశ్రయం, తరతరాల వృత్తి ఉంటాయి. చిత్రంలో కనిపించని ఈ భాగాన్ని తెలుసుకుంటే కనిపించే భాగం అర్థం కూడా మారుతుంది.

2. చిత్రంలో కనిపించేది

చిత్రకారుడు థామస్ హిక్కీ 1741లో డబ్లిన్‌లో జన్మించాడు. 1824లో మద్రాసులో మరణించాడు. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత మైసూరు యుద్ధంతో సంబంధం ఉన్న అధికారుల, రాజవంశీయుల చిత్రాలు గీసి పేరు పొందాడు. అదే ముట్టడిలో మెకంజీ ఇంజనీరుగా పాల్గొన్నాడు. కాబట్టి 1816 నాటి చిత్రం ఒకే యుద్ధంతో ముడిపడిన ఇద్దరు వృద్ధుల మధ్య జరిగిన వ్యవహారం. అప్పటికి చిత్రకారునికి డెబ్బై అయిదేళ్ళు. మెకంజీకి అరవై దాటాయి. అంతకు ముందు సంవత్సరమే, 1815లో, మెకంజీ భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యాడు.

ప్రస్తుతం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఈ చిత్రంలో మెకంజీ ఎర్రని సైనిక దుస్తులలో ప్రధాన స్థానంలో నిలబడి ఉంటాడు. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు ఉన్నారు. ఒకరి చేతిలో దూరదర్శిని ఉంది. ఆయనను కిస్నాజీ అనే బంట్రోతుగా గుర్తించారు. మరొకరి చేతిలో తాటాకు ప్రతి ఉంది. ఆయన ధర్మయ్య అనే జైన పండితుడు. వెనుక నిలబడిన మూడవ వ్యక్తిని కావలి వెంకట లక్ష్మయ్యగా భావిస్తున్నారు. ఈ చివరి గుర్తింపు నిర్ధారణ కాదని, పరిశోధకుల అనుమితి అని గమనించాలి. దూరంగా కొండ మీద ఒక జైన మహావిగ్రహం కనిపిస్తుంది.

దూరదర్శిని భూమిని కొలిచే పనికి గుర్తు. తాటాకు గతాన్ని సేకరించే పనికి గుర్తు. మెకంజీ జీవితకాలపు కృషి ఈ రెండే. అయితే ఈ రెండు సాధనాలూ ఆయన చేతిలో లేవు. ఇతరుల చేతులలో ఉన్నాయి. పని చేసిన చేతులు ఎవరివో చిత్రకారుడు దాచలేదు. చిత్రం పేరు మాత్రం ఒక్కరిదే. కాబట్టి ఈ చిత్రాన్ని కేవలం వలసాధికార ప్రదర్శనగా కొట్టివేయడం గాని, కేవలం కృతజ్ఞతా చిహ్నంగా మెచ్చుకోవడం గాని సరిపోదు. అది ఒకేసారి అంగీకారమూ, హద్దు గీయడమూ. ఈ ద్వంద్వాన్ని అర్థం చేసుకోవాలంటే చిత్రం నుంచి కుటుంబాల వైపు వెళ్ళాలి.

3. స్టోర్నోవే కుటుంబం

కాలిన్ మెకంజీ స్కాట్లండ్ పశ్చిమాన ఉన్న లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవే పట్టణంలో 1754 ప్రాంతంలో జన్మించాడు. తండ్రి మర్డోక్ మెకంజీ వర్తకుడు; ఆ పట్టణపు పోస్టుమాస్టరు. లూయిస్ ద్వీపం సీఫోర్త్ మెకంజీ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. ఒకే వంశనామం ఉన్నంత మాత్రాన సంపద ఒకటి కాదు. కానీ ఆ వంశసంబంధం ఆశ్రయానికి దారి చూపింది. కాలిన్ మొదట స్టోర్నోవేలోనే సుంకాల శాఖలో ఉద్యోగం చేశాడు. సుమారు ముప్పయ్యేళ్ళ వయసులో, 1783లో, సీఫోర్త్ ప్రభువుల సిఫారసు బలంతో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. ఆ తరువాత మళ్ళీ స్వదేశం చూడలేదు.

ఆయన పరిశోధనాసక్తి వెనుక కూడా ఒక కుటుంబం ఉంది. లాగరిథమ్‌లను కనుగొన్న జాన్ నేపియర్ జీవితచరిత్ర రాయదలచిన నేపియర్ ప్రభువు, హిందువుల గణితశాస్త్రానికి సంబంధించిన సమాచారం కోసం యువకుడైన మెకంజీ సహాయం తీసుకున్నాడు. ఆ ప్రభువు కుమార్తె హెస్టర్ జాన్‌స్టన్ తరువాత మధురలో ఉండేది. మెకంజీ ఆమె ఇంట పండితులను కలుసుకున్నాడు. ఆమె కుమారుడు అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కే మెకంజీ 1817లో తన కృషి చరిత్రను వివరిస్తూ ప్రసిద్ధమైన లేఖ రాశాడు. అంటే ఒక పూర్వికుని కీర్తిని నిలపాలన్న ఒక కుటుంబపు కోరిక ఈ విస్తారమైన సేకరణకు తొలి ప్రేరణలలో ఒకటి.

పెద్ద వంశపు నీడలో ఉన్న చిన్న కుటుంబం, లెక్కలతోనూ ఉత్తరాలతోనూ ముడిపడిన ఇంటి వృత్తి, ప్రభువుల సిఫారసు, దూరదేశంలో ఉద్యోగం – ఇది మెకంజీ నేపథ్యం. ఎర్రని దుస్తులు ఈ నేపథ్యాన్ని పూర్తిగా కప్పివేశాయి. చూసేవారికి సర్వేయర్ జనరల్ కనిపిస్తాడు. పోస్టుమాస్టరు కొడుకు కనిపించడు.

4. ఏలూరు కుటుంబం

కావలి వారు ఏలూరుకు చెందిన నియోగి బ్రాహ్మణులు. నియోగులు వైదిక వృత్తికి బదులు లౌకికోద్యోగాలను, ముఖ్యంగా రాతకోతలను, లెక్కలను, రాజకీయ వ్యవహారాలను జీవికగా చేసుకున్న వర్గం. కోస్తాంధ్రలో గ్రామ కరణాలలో అధిక భాగం వారే. గ్రామానికి సంబంధించిన మాన్యాలు, ఇనాములు, పాలకుల వరుస మొదలైన వివరాలు నమోదైన కవిలెలు వారి ఇళ్ళలో ఉండేవి. దానపత్రం అసలుదో కల్పితమో తేల్చడం, పాత రాతను చదవడం, సాక్ష్యాన్ని సాక్ష్యంతో పోల్చడం వారికి పుస్తకాల ద్వారా వచ్చిన విద్య కాదు, ఇంటి విద్య.

ఈ కుటుంబం నుంచి వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి అనే సోదరులు మెకంజీ కొలువులో పనిచేశారు. వారిలో అగ్రగణ్యుడైన బొర్రయ్య 1776లో జన్మించాడు. 1796లో, ఇరవయ్యేళ్ళ ప్రాయంలో, మెకంజీతో ఆయనకు పరిచయం కలిగింది. అప్పటికి మెకంజీ భారతదేశానికి వచ్చి పదమూడేళ్ళు. ఆ పదమూడేళ్ళలో తాను తిరిగిన ప్రాంతాలలో ఎన్నో విషయాలను గమనించలేకపోయానని, దేశభాషలు తెలియకపోవడం ఆటంకమైందని, ఈ బ్రాహ్మణ యువకునితో ఏర్పడిన సంబంధమే తనకు భారతీయ విజ్ఞానంలో ప్రవేశానికి మొదటి మెట్టయిందని మెకంజీ 1817 లేఖలో ఒప్పుకున్నాడు.

దీనిని వినయంగా మాత్రమే చదవకూడదు. పద్ధతి విషయంలో కూడా ఇది ముఖ్యమైన వాంగ్మూలం. శాసనాన్ని చరిత్రకు ప్రధాన ఆధారంగా చూసే దృష్టి ఆంగ్లేయులు తెచ్చినదని, స్థానికులు కేవలం ముడిసరుకు అందించారని చాలాకాలం అనుకున్నారు. ఈ అభిప్రాయాన్ని ఫిలిప్ వాగొనర్ 2003లో ప్రచురించిన వ్యాసంలో సవాలు చేశాడు. నియోగి సహాయకులకు రాజోద్యోగాల ద్వారా అప్పటికే అలవడిన పత్రపరిశీలనా నైపుణ్యం శాసన పరిశోధన రూపొందడంలో భాగం పంచుకున్నదని ఆయన వాదన. ఏలూరు కుటుంబ నేపథ్యం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ వాదన సహజంగానే తోస్తుంది. కవిలె చదివే కన్నుకు శాసనం చదవడం అదే పనికి కొనసాగింపు.

రెండు కుటుంబాలను పక్కపక్కన పెడితే పోలిక స్పష్టం. ఉభయత్రా లెక్క, లేఖ, ఆశ్రయం ప్రధానం. ఉభయత్రా పెద్ద అధికారం కింద పనిచేస్తూ ఎదిగే మార్గమే ఉంది. స్టోర్నోవే వారి ఆశ్రయం సీఫోర్త్ ప్రభువుల నుంచి వస్తే, ఏలూరు వారి ఆశ్రయం ఆ ఆశ్రితుని నుంచి వచ్చింది. చిత్రంలో కనిపించే దూరం సహజమైన దూరం కాదు. 1783 తరువాత కంపెనీ అధికారం ఏర్పరచిన దూరం.

5. చిత్రంలో లేని బొర్రయ్య

ఈ చిత్రాన్ని చర్చించినప్పుడు మూడవ వ్యక్తి లక్ష్మయ్యా కాదా అన్నదే ప్రధాన ప్రశ్న అవుతుంది. అంతకంటె ముఖ్యమైన వ్యక్తి చిత్రంలో లేడు. బొర్రయ్య 1803లో మరణించాడు. అప్పటికి ఆయన వయసు ముప్పయి కూడా నిండలేదు. చిత్రం గీసేనాటికి పదమూడేళ్ళు గడిచాయి.

అయినా చిత్రంలో ఆయన జాడ ఉంది. నేపథ్యంలోని జైన విగ్రహం, ముందున్న జైన పండితుడు – ఈ రెండూ మెకంజీ మైసూరు సర్వేలో జైన మతాన్ని గురించి సేకరించిన సమాచారానికి సూచనలు. ఆ సమాచారం ఇంగ్లీషు పాఠకలోకానికి చేరిన తొలి రచనలలో ఒకటి 'ఏషియాటిక్ రిసెర్చెస్' తొమ్మిదవ సంపుటంలో ఉంది. ముద్గెరి జైన పూజారి చెప్పిన విషయాలను బొర్రయ్య మెకంజీ కోసం అనువదించినట్టు దాని శీర్షికలోనే పేర్కొన్నారు. అది అచ్చయ్యేనాటికి బొర్రయ్య లేడు. చిత్రంలోని కొండను, విగ్రహాన్ని, తాటాకును ఒక అర్థంలో చేర్చి చదివే వీలు కలిగించిన పని ఆయనది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హిక్కీ బొర్రయ్య జ్ఞాపకార్థం ఈ నేపథ్యాన్ని గీశాడని చెప్పడం లేదు. చెబుతున్నది ఇంతే: చిత్రంలోని జైన సంకేతాలకు మెకంజీ పరిశోధనలో స్థానం కల్పించిన పనిలో బొర్రయ్యకు ప్రత్యక్ష భాగం ఉంది. చిత్రంలో ఉన్నవారి జాబితాతో చిత్రంలోని శ్రమ జాబితా పూర్తి కాదు.

6. అక్షరాలలో చిత్తరువు: రామస్వామి గ్రంథం

బొర్రయ్యకు తైలవర్ణంలో దక్కని స్థానాన్ని తమ్ముడు అక్షరాలలో కల్పించాడు. కావలి వెంకట రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో ప్రచురించాడు. భారతీయుడు ఇంగ్లీషులో రచించిన తొలి సాహిత్య చరిత్ర గ్రంథాలలో ఇది ఒకటి. గురజాడ శ్రీరామమూర్తి, కందుకూరి వీరేశలింగం తెలుగులో కవుల చరిత్రలు వెలువరించడానికి సుమారు అర్ధ శతాబ్దం ముందే వచ్చింది. మహాకవుల మధ్య రామస్వామి తన అన్న బొర్రయ్య జీవితాన్ని కూడా చేర్చాడు. ఆయన పుట్టుక, చదువు, బహుభాషా జ్ఞానం, సర్వే రోజుల శ్రమ, హళెగన్నడ లిపిలోని శాసనాలను చదవడంలో నేర్పు మొదలైనవి మనకు తెలియడానికి ఈ గ్రంథమే ముఖ్య ఆధారం.

విమర్శకులు ఈ చేర్పును సోదర పక్షపాతంగా తీసివేయవచ్చు. ప్రాచీన కవులతో సమానంగా పరిగణించదగిన కావ్యసంపద బొర్రయ్యకు ఉన్నదా అని అడగవచ్చు. కవితా విలువ దృష్టితో చూస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మన కావ్యసంప్రదాయంలో అవతారికల స్వభావం తెలిసినవారు దీనిని మరొక విధంగా చూడగలరు. కృతికర్త తన వంశాన్ని, పూర్వకవులను, ఆశ్రయదాతను ఒకేచోట నిలపడం అవతారికకు సహజధర్మం. రామస్వామి కొత్త భాషలో, కొత్త ప్రక్రియలో చేసింది ఒక విధంగా ఆ పనే. తన ఇంటి మనిషిని కవిపరంపరలో నిలిపి, సహాయకుడు అన్న గుర్తింపును కవి, పండితుడు అన్న గుర్తింపుగా మార్చాడు.

కాబట్టి 1816 నాటి చిత్రాన్నీ 1829 నాటి గ్రంథాన్నీ జంటగా చదవాలి. మొదటిదానిలో మెకంజీ మధ్యలో ఉన్నాడు, కావలి వారు అంచున ఉన్నారు. రెండవదానిలో కవుల పరంపర మధ్యలో ఉంది. మెకంజీ ఒక ప్రతిభావంతుని ఆశ్రయదాతగా వస్తాడు. రెండూ నిష్పాక్షికాలు కావు. ఒకదాని పక్షపాతాన్ని మరొకటి బయటపెడుతుంది.

7. వారసత్వం ఎవరిది?

మెకంజీ 1821 మే 8న కలకత్తా సమీపంలో మరణించాడు. ఆయన సేకరణలో 1,568 సాహిత్య ప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నట్టు లెక్క తేలింది. 1812లో జావాలో ఆయన వివాహం చేసుకున్న పెట్రొనెల్లా బార్టెల్స్‌కు భార్యగా ఈ సేకరణ సంక్రమించింది. ఆమె నుంచి కంపెనీ దానిని లక్ష రూపాయలకు కొన్నది. 1828లో హెచ్. హెచ్. విల్సన్ వివరణాత్మక సూచి ప్రచురించాడు.

అన్న మరణం తరువాత సహాయకబృందానికి పెద్దగా పనిచేసిన లక్ష్మయ్య, ఆగిపోయిన పనిని కొనసాగించాలని పలుమార్లు ప్రయత్నించాడు. 1830లలో మద్రాసులో హిందూ సాహిత్య సంఘం పేర సంస్థను నడిపాడు. ఆయన ప్రతిపాదన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చినప్పుడు కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో దానిని ఆమోదించలేదు. సమాచారం సేకరించగల శక్తి వేరు, దాన్ని విమర్శించి సిద్ధాంతీకరించగల శక్తి వేరు అన్నది ఆ తిరస్కారం సారాంశం; రెండవ శక్తి స్థానికునిలో ఉంటుందని ఆయన నమ్మలేదు. ప్రతుల పరిశీలన మద్రాసులోని మిషనరీ విలియం టేలర్‌కు దక్కింది.

1816 చిత్రంలో వెనుక నిలబడిన స్థానం ఇరవై ఏళ్ళ తరువాత ఒక విధాన నిర్ణయంగా మారింది. చిత్రకళలో స్థలవిభజనగా కనిపించినది విద్యాసంస్థలో అర్హతా విభజన అయింది. ఈ వ్యాసం కుటుంబ నేపథ్యాన్ని పట్టించుకోవడానికి కారణం ఇదే. విమర్శనాశక్తి లేదని తీర్పు పొందిన వ్యక్తి, సాక్ష్యాన్ని పరీక్షించడమే తరతరాల వృత్తిగా ఉన్న వర్గం నుంచి వచ్చినవాడు.

8. ఒక ప్రతివాదం

ఇంతవరకు చెప్పినదాన్ని కావలి వారి కీర్తిగానంగా ముగిస్తే అది కూడా అసమగ్రమే. మెకంజీకి వ్యతిరేకంగా కావలి సోదరులను నిలిపే వాదం ఒక అధికారిని తొలగించి మరొక అగ్రవర్ణ కుటుంబాన్ని కేంద్రంలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. కైఫీయత్తులు ప్రధానంగా కరణాల కవిలెల మీద, గ్రామ పెద్దల వాంగ్మూలాల మీద ఆధారపడ్డాయి. రాసినవారూ, రాయించినవారూ చాలాచోట్ల ఒకే లేఖకవర్గం. ఊరిలో మాన్యం ఉన్నవారి చరిత్ర అందులో విస్తారంగా ఉంటుంది. ఆ మాన్యపు పొలంలో పనిచేసినవారి చరిత్ర అంతగా ఉండదు.

చిత్రం ఈ విషయాన్ని కూడా చెబుతుంది. దూరదర్శిని పట్టుకున్న కిస్నాజీ ముఖం మన ముందు ఉంది. పేరూ ఉంది. బొర్రయ్యకు జీవితచరిత్ర రాయడానికి చదువుకున్న తమ్ముడు ఉన్నాడు. మెకంజీకి లేఖలు భద్రపరచిన మిత్రులు ఉన్నారు. బంట్రోతుకు చిత్రమే మిగిలింది. కుటుంబ నేపథ్యం తెలియడం అనేది కూడా సమానంగా పంచబడిన భాగ్యం కాదని, అది అక్షరం అందుబాటును బట్టి ఉంటుందని ఆయన ఉనికి గుర్తుచేస్తుంది.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. మొదటిది, హిక్కీ చిత్రం ఒక వ్యక్తి చిత్తరువుగా కాక ఒక సంయుక్త కృషికి దృశ్యరూపంగా చదవదగినది. రెండవది, స్టోర్నోవే, ఏలూరు కుటుంబాల మధ్య వృత్తిసామ్యం ఎక్కువ. భేదం ప్రతిభలో కాదు, అధికారంలో ఉంది. మూడవది, రామస్వామి గ్రంథాన్ని కవుల చరిత్రల పూర్వరంగంగా మాత్రమే కాక, ఈ చిత్రానికి ఒక కుటుంబం ఇచ్చిన సమాధానంగా కూడా చదవవచ్చు.

దీనికి మన ఆచరణలో ఒక ఫలితం ఉండాలి. పరిశోధక విద్యార్థులు 'మెకంజీ కైఫీయత్తు' అని ఆకరం ఇచ్చేటప్పుడు, ప్రతిలో ఉన్నంతమేరకు రాసిన కరణం పేరు, సేకరించిన ఉద్యోగి పేరు, గ్రామం, సంవత్సరం కూడా నమోదు చేయడం అవసరం. పర్యవేక్షకులుగా మనం దీనిని కోరాలి. పేరు మార్చమని ఈ వ్యాసం కోరడం లేదు. రెండు శతాబ్దాలుగా స్థిరపడిన పేరును మార్చినంత మాత్రాన చరిత్ర మారదు. కానీ చిత్రంలో సాధనాలు ఎవరి చేతులలో ఉన్నాయో హిక్కీ చూపించాడు. కనీసం అంతమాత్రం మన ఆకర సూచికలు కూడా చూపించాలి.